గుణకారం బావ తెచ్చిన పంపు

"తిరిగింది పెద్దగా ఏమీ లేదులే. నాలుగంటే నాలుగే దుకాణాలు," అన్నాడు గుణకారం, టీ కొట్టు అక్క చేతిలోంచి గ్లాసు అందుకుని బెంచీ మీద కాలు మీద కాలేసుకుంటూ.

ఆ మాట చెవిన పడగానే అతని మరదలికి గుండెలో రాయి పడింది. బావ చిన్న అంకెతో మొదలుపెట్టాడంటే అది మంచికి కాదు. దూరం దూకేవాడు ముందు రెండడుగులు వెనక్కి వేస్తాడు చూడండి, ఆ వెనకడుగే ఈ నాలుగు.

అతనికి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. వీధి దాన్ని ఎప్పుడో మరిచిపోయింది. రెండు కాకుల్ని చూసొచ్చి ఇరవై అని, గట్టిగా అడిగితే రెండొందలని చెప్పే మనిషి గనక గుణకారం అన్నారు. అతనూ దాన్నేదో బిరుదులా భుజాన వేసుకున్నాడు. "బయటే గుణకారం, మా అక్క ముందు అంతా తీసివేతే," అంటుంది మరదలు. ఆమె నోరు అలాంటిది.

ఆమెది కారు నడపడం నేర్పే పని. వీధి మొత్తానికి టీచరమ్మ. ఆస్తి అంతా కలిపి ఒక చిన్న కారు, అదీ కంపెనీవాళ్ళు తయారీ మానేసి ఇరవై రెండేళ్ళయిన కారు. నిన్న మధ్యాహ్నం ఎత్తు రోడ్డు ఎక్కుతూ ఎక్కుతూ రెండు దగ్గులు దగ్గి నిలబడిపోయింది. షెడ్డు దాకా తోసుకొచ్చి బానెట్ ఎత్తితే, ఫ్యూయల్ పంపు పోయిందన్నాడు మేస్త్రి. అదేమంత పెద్ద వస్తువు కాదు, గుప్పిట్లో పడుతుంది. వెనకున్న ట్యాంకులోంచి పెట్రోలు లాగి ముందున్న ఇంజనుకి అందించడం దాని పని. లోపల ఒక రబ్బరు పొర పైకీ కిందికీ ఆడుతుంటేనే పెట్రోలు కదులుతుంది. ఆ పొర చిరిగింది. పొర చిరిగాక ట్యాంకు నిండా పెట్రోలున్నా కారుకి పస్తే.

ఇలాంటి సామాను కొత్తది దొరకదు. బస్సులో నలభై నిమిషాలు వెళ్తే పాత సామాన్ల బజారు ఉంది, అక్కడ వెతుక్కోవాలి. దానికీ ఒక పద్ధతి ఉంది. పేరు చెప్తే ఎవడికీ అర్థం కాదు. పాడైన ముక్కని చేత్తో పట్టుకెళ్ళి దుకాణంవాడి బల్ల మీద పెట్టాలి, అప్పుడు వాడు దానికి జోడీ వెతుకుతాడు. "ప్రాణం పోయినా శాంపిల్ పోకూడదు," అని మేస్త్రి పాత పంపుని గుడ్డలో చుట్టి ఇచ్చాడు. టీచరమ్మకి ఇవాళ లైసెన్సు ఆఫీసులో పని పడింది. "నేనున్నాగా!" అన్నాడు బావ. వేరే దిక్కు లేక సరేనంది.

ఇంత ఆత్రం దేనికంటే, బెంచీ చివర సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దమ్మ కోసం. పెద్దమ్మకి అరవై ఒకటి. భర్త నలభై ఏళ్ళు బస్సు నడిపాడు, ఇప్పుడు చూపు మందగించి ఇంట్లోంచి కదలడు. "ఇన్నేళ్ళూ ఆయన వెనక కూర్చున్నాను, ఇక ఆయనే నా పక్కన కూర్చోవాలి," అని పట్టుబట్టి నేర్చుకుంటోంది. పరీక్ష రెండుసార్లు తప్పింది. రేపు పొద్దున తొమ్మిదికి మూడోసారి. ఫారం మీద ఈ కారు నంబరే రాసుంది, ఆమె చేతిలో ఉన్న నేర్చుకునే లైసెన్సు గడువు రేపటితో సరి. కారు కదలకపోతే కథ మళ్ళీ మొదటికి.

"బావా, ముందు పొట్లం విప్పు," అంది టీచరమ్మ.

"విప్పుతాలే, అది ఎగిరిపోతుందా ఏంటి!" అని గుణకారం ఒళ్ళో ఉన్న కాగితం పొట్లం మీద రెండు అరచేతులూ బోర్లించాడు. "అసలు అది ఎలా వచ్చిందో తెలియకుండా బిగిస్తే దానికే అవమానం. వినండి. మొదటి దుకాణంవాడు నా చేతిలో పంపు చూసి నవ్వాడు. రెండోవాడు చూడకుండానే నవ్వాడు. మూడోవాడు వాళ్ళ తమ్ముణ్ణి పిలిపించి మరీ నవ్వాడు. నాలుగోవాడి దగ్గరికి వెళ్ళి బల్ల మీద పెట్టానో లేదో..."

"వాడూ నవ్వాడా?" అంది టీ కొట్టు అక్క, గ్లాసులు కడుగుతూ.

"ఏడ్చాడు! భోరుమన్నాడు! 'ఈ పంపులు బాగుచేసే మా నాన్న మమ్మల్ని ఇంతవాళ్ళని చేశాడయ్యా, ఇరవై రెండేళ్ళ తర్వాత మళ్ళీ కళ్ళజూశాను' అని దాన్ని కళ్ళకద్దుకున్నాడు. నేనే ఓదార్చాల్సొచ్చింది. అప్పుడు చెవిలో చెప్పాడు, 'బజారు వెనక ఒక గోడౌన్ ఉంది, అందరినీ రానివ్వరు, మీ మొహం చూస్తే రానిస్తారు' అని."

"ఈ మొహాన్నా?" అంది టీచరమ్మ.

"మరదలా, అడ్డు రాకు. వెళ్ళాను. మూడంతస్తులు. మూడు అనుకున్నాను గానీ ఎక్కుతుంటే తెలిసింది, ఏడు. అంతస్తుకో కంపెనీ. కార్బరేటర్లు గుట్టలు గుట్టలు, పెట్రోలు గొట్టాలు తీగల్లా కిందికి వేలాడుతున్నాయి, పక్కకి తప్పించుకుంటూ వెళ్ళాను. పై అంతస్తులో ఒక ముసలాయన కుర్చీలో ఉన్నాడు. పంపు ఇస్తే కళ్ళతో చూడలేదు. చెవి దగ్గర పెట్టుకుని గోటితో టంగుమని కొట్టాడు. కొట్టి ఏమన్నాడో తెలుసా? 'ఇది సాయంత్రం షిఫ్టులో చేసింది, బిగించినవాడిది ఎడమచేతి వాటం' అన్నాడు."

"శబ్దం విని ఎడమచేతి వాటమని కూడా చెప్పాడా?" టీ అక్క చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"అంతేనా! ఆ రోజు వాడికి జలుబు కూడా చేసిందట."

పెద్దమ్మ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రి పక్క షెడ్డులోంచి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన తక్కువ మాట్లాడే మనిషి, రోజుకి పట్టుమని పది మాటలు. టీచరమ్మ గోడ గడియారం వైపు చూసింది. నాలుగు కావస్తోంది. బిగించడానికి గంట చాలన్నాడు మేస్త్రి, కాబట్టి ఇంకా టైముంది. టైము ఉన్నంతవరకు తిట్లు దాచుకుందామనుకుంది.

"ముసలాయన దగ్గర పంపు లేదు. కానీ ఎక్కడుందో తెలుసు. ఊరి బయట ఒక షావుకారు ఉన్నాడట, అచ్చం మన కారులాంటి కార్లే నలభై కొని దాచిపెట్టుకున్నాడట. వెళ్ళాను. అబ్బబ్బ, ఏం షెడ్డు! నలభై కార్లూ వరసగా, ఒకే రంగు, అద్దాలు మెరుస్తున్నాయి. ఒక్క పంపు ఇప్పించండి మహానుభావా అన్నాను. ప్రాణమైనా ఇస్తాను గానీ పంపు ఇవ్వనన్నాడు. నేను ఊరుకుంటానా? సరే, పందెం వేసుకుందామన్నాను. 'పంపు తీసేసిన కారుని నడిపి చూపిస్తే నీదే' అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. చొక్కా చేతులు మడిచాను."

"నోటితో పెట్రోలు లాగావా ఏంటి?" అంది టీచరమ్మ. అడగకూడదనే అనుకుంది, నోరు ఆగలేదు.

"లాగడం మామూలువాళ్ళు చేసే పని. నేను ఊదాను! వెనక ట్యాంకు మూత తీసి, నోరు ఆనించి, పొట్టలోంచి ఊపిరి తెచ్చి ఒక్క ఊదు ఊదేసరికి పెట్రోలు గొట్టంలో సర్రున పాకి ఇంజన్లో పడింది, బండి బుర్రుమంది, కదిలింది! నేను వెనక డిక్కీ పట్టుకుని వేలాడుతూ ఊదుతూనే ఉన్నాను. చిన్నగా ఊదితే రెండో గేరు, గట్టిగా ఊదితే నాలుగో గేరు."

"డ్రైవరు సీట్లో ఎవరున్నారు బాబూ?" అన్నాడు మేస్త్రి. ఇవాళ్టి పది మాటల్లో నాలుగు అయిపోయాయి.

"ఎవరూ లేరు! అదే గదా గొప్ప!"

"మలుపుల దగ్గర?"

"ఎడమ బుగ్గతో ఊదితే కుడికి తిరిగేది, కుడి బుగ్గతో ఊదితే ఎడమకి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాకు తుమ్ము వచ్చింది."

టీ పొంగి పొయ్యిలో పడి చుయ్యిమంది, అక్క పట్టించుకోలేదు.

"తుమ్మాను. తుమ్మగానే కారు నేల విడిచింది. ముందు లారీ పోతోంది, దాని మీద నుంచి ఇలా..." అతను ఒక చెయ్యి పొట్లం మీద నుంచి తీసి గాలిలో వంతెన గీశాడు, వెంటనే మళ్ళీ పొట్లం మీద పెట్టేశాడు. "ఇలా ఎగిరి అవతల వాలింది. లారీ డ్రైవరు తల బయటపెట్టి దండం పెట్టాడు."

"ఓవర్‌టేక్ చేసేటప్పుడు హారన్ కొట్టావా?" అంది టీచరమ్మ.

"తుమ్మే హారన్!"

నవ్వులు పగిలాయి. టీచరమ్మకి కూడా పెదవి చివర వణికింది. పళ్ళతో నొక్కిపెట్టింది. ఈ బావతో వచ్చిన చిక్కే ఇది, కోపం తెచ్చుకుని కూర్చుంటే ఎక్కడో ఒక తుమ్ము వేసి పడగొడతాడు. అయినా ఆమె కళ్ళు ఆ అరచేతుల మీద నుంచి కదల్లేదు. మనిషి ఒళ్ళంతా కథలో ఎగురుతోంది, ఆ చేతులు మాత్రం పొట్లాన్ని అంటిపెట్టుకునే ఉన్నాయి.

"అయితే షావుకారు పంపు ఇచ్చాడన్నమాట," అంది పెద్దమ్మ ఆశగా.

"ఇవ్వబోయాడు పెద్దమ్మా, నేనే వద్దన్నాను. 'ఒకరు వాడింది మా మరదలి కారుకి ఎక్కించను' అన్నాను. ఆయన నివ్వెరపోయాడు. పోయి ఫోన్ తీశాడు. ఎవరికనుకున్నారు? ఆ కారు చేసిన ఫ్యాక్టరీ పెద్దకి! మూతబడి ఇరవై రెండేళ్ళయిన ఫ్యాక్టరీ. అరగంటలో సైరన్ మోగింది. మోగగానే ఎక్కడెక్కడి పాత పనివాళ్ళూ లేచారు. చేతికర్రలతో కొందరు, కళ్ళజోళ్ళు తుడుచుకుంటూ కొందరు, మనవల్ని చంకన వేసుకుని కొందరు, మొత్తం ఆరొందల మంది! గేటు తాళం తుప్పు పట్టి రాకపోతే గేటే పీకి పక్కన పెట్టారు. మిషన్లు తిరిగాయి, నిప్పులు లేచాయి, ఆరొందల మందీ కలిసి ఒకే ఒక్క పంపు చేశారు."

"ఒక్క పంపుకి ఆరొందల మందా?"

"తలా ఒక దెబ్బ వేశారమ్మా, ప్రేమతో. రెండోది చేస్తే దీని విలువ పోతుందని అచ్చులు నా కళ్ళముందే పగలగొట్టారు."

"నాయనా, నాకొక సందేహం," అంది పెద్దమ్మ. బస్సు డ్రైవరు భార్య గనక టైము సంగతి ఆమెకి బాగా తెలుసు. "నువ్వు తొమ్మిది బస్సుకి వెళ్ళావు, మూడున్నర బస్సుకి దిగావు. ఈ ఆరున్నర గంటల్లో ఏడంతస్తులు ఎప్పుడు ఎక్కావు, షావుకారు దగ్గరికి ఎప్పుడు పోయావు, ఫ్యాక్టరీ ఎప్పుడు తెరిపించావు?"

"గడియారం చూసుకునే తీరిక ఎక్కడిది పెద్దమ్మా!" అన్నాడు గుణకారం, ఏమాత్రం తొణక్కుండా. "అసలు కష్టం వచ్చేటప్పుడే. పంపు కొత్తది. ఆరొందల మంది బలం అందులో ఉంది. ఆకలి మీద ఉంది. ఎక్కడ పెట్రోలు కనిపిస్తే అక్కడ లాగేస్తోంది! బస్టాపులో నిలబడ్డానా, ముందు నుంచి పోయే స్కూటర్లన్నీ టక్కుటక్కున ఆగిపోతున్నాయి. బంకు ముందు నుంచి వస్తుంటే అక్కడి గొట్టాలన్నీ కొక్కేల మీద నుంచి లేచి, పాములు పడగ విప్పినట్టు నా వైపు తిరిగాయి!"

"మరి నువ్వెక్కిన బస్సు ఎలా నడిచింది?" అంది టీ అక్క.

"అది డీజిలు. అందుకే వదిలేసింది."

అందరూ ఒక్కసారి ఘొల్లుమన్నారు. గుణకారం మొహం వెలిగిపోయింది. ఇక అతన్ని నేల మీద నిలబెట్టడం ఎవరి తరమూ కాదు.

"అప్పుడు పైన విమానం ఒకటి పోతోంది. పంపు ఒక్క గుటక వేసింది. విమానం ఒక జానెడు కిందికి జారింది! ఇంకో గుటక, ఇంకో జానెడు! కిటికీల్లో జనం మొహాలు కనిపిస్తున్నాయి, ఒకావిడ చేతిలో కాఫీ కప్పు కూడా కనిపించింది. పొట్లాన్ని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో ఇలా గట్టిగా మూశాను. అప్పుడు గానీ విమానం పైకి లేవలేదు."

"ఓహో, అందుకా ఇందాకటి నుంచి చేతులు తియ్యట్లేదు!" అంది టీచరమ్మ లేచి నిలబడుతూ. "ఇప్పుడు పైన విమానాలేవీ లేవు. తియ్యి."

గుణకారం తీశాడు. నిజం చెప్పాలంటే గర్వంగానే తీశాడు. కాగితం మడతలు ఒక్కొక్కటే విప్పి, పంపుని రెండు వేళ్ళతో ఎత్తి, నగ చూపించినట్టు చూపించాడు. నల్లగా, శుభ్రంగా మెరుస్తోంది. "చూసుకో మేస్త్రీ! అచ్చం మనదే! వెంట్రుకవాసి తేడా ఉంటే నా చెవి కోసిస్తా!"

మేస్త్రి అందుకుని అటూ ఇటూ తిప్పాడు. "పాతది ఇవ్వండి, పక్కన పెట్టి చూద్దాం."

"పాతదా..." గుణకారం జేబులు తడుముకున్నాడు. "పాతది... ఇంత మంచిది దొరికాక పాతదాంతో పనేముంది? అక్కడే ఎక్కడో..."

మేస్త్రి స్క్రూడ్రైవరు తెచ్చి, బెంచీ మీద గుడ్డ పరిచి, చుట్టూ ఉన్న మరలు ఒక్కొక్కటే విప్పాడు. పై మూత లేపాడు. లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత చిటికెన వేలితో లోపలి నుంచి ఉబ్బిపోయిన ఒక సైకిల్ ట్యూబు ముక్కని పీకి గుడ్డ మీద పెట్టాడు.

"బాబూ, ఆ ఆరొందల మందిలో నేను కూడా ఉన్నానా?"

"ఏంటి మేస్త్రీ?"

"ఈ అతుకు నిన్న సాయంత్రం నేను వేసింది. ఆగుతుందేమోనని. ఆగలేదు."

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత టీ అక్కకి అర్థమైంది. ఆమె బల్ల మీద చెయ్యి కొట్టి నవ్విన నవ్వుకి ఎదురింటి కిటికీ తెరుచుకుంది. తీసుకెళ్ళిన పంపే తిరిగొచ్చింది! తోడు వెతకమని పంపితే, దాన్ని కడిగించి, కాగితంలో చుట్టించి, కొనుక్కుని మరీ వచ్చాడు! వెంట్రుకవాసి తేడా ఎలా ఉంటుంది? ఇంతసేపు చెప్పిన దాంట్లో అతను పలికిన నిజం ఆ ఒక్క ముక్కే.

టీచరమ్మ నవ్వలేదు. ఆమె పెద్దమ్మని చూస్తోంది. పెద్దమ్మ సంచిలోంచి పరీక్ష కాగితం తీసి, ఒకసారి చూసుకుని, నాలుగు మడతలు పెట్టి అడుగున దాచేసింది. "పోనీలే అమ్మా. ఆయనకి ఇంట్లో కూర్చోవడం అలవాటైపోయింది," అంది, ఎవరినీ ఏమీ అనకుండా. తిట్టినా బాగుండేది.

టీచరమ్మ బావ ముందుకొచ్చి నిలబడింది. నాలుక మీద ఇరవై ఏళ్ళ సరుకుంది. మింగేసింది. తిట్లకి కారు కదలదు.

"బావా, గుణించకుండా, కూడకుండా, జరిగింది జరిగినట్టు చెప్పు. ఒక్కసారి. ఎన్ని దుకాణాలు?"

"నాలు..." గుణకారం ఆగాడు. "మూడు."

ఆ చిన్న నాలుగులో కూడా ఒకటి కల్తీ!

"మొదటివాడు?"

"లేదన్నాడు." కథలు లేని గొంతు అతనిది మరీ చిన్నగా ఉంది, ఎవరో అరువిచ్చినట్టు. "రెండో దుకాణంలో కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన. పంపు చూశాడు. పంపు లేదుగానీ ఇది తీసుకెళ్ళు, చాలన్నాడు. ఏదో చిన్న ప్లాస్టిక్ కవరు."

"అందులో ఏముంది?" అన్నాడు మేస్త్రి గబుక్కున.

"ఏముంటుంది, ఒక గుండ్రటి నల్ల రబ్బరు పొర, ఒక స్ప్రింగు, గుండీలంత బిళ్ళలు రెండు, అట్టముక్కలు."

మేస్త్రి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "కిట్టు! అది పంపు కిట్టు బాబూ! లోపలి సామాను మొత్తం అదే! ఈ పై డొప్ప అలాగే ఉంచి లోపల మార్చేస్తే కొత్త పంపే! ఎందుకు తేలేదు?" ఆయన నోట అన్ని మాటలు ఒకేసారి రావడం ఆ వీధి ఎప్పుడూ వినలేదు.

గుణకారం తల దించుకున్నాడు. "అరచేతిలో పట్టింది మేస్త్రీ. ఇంత చిన్న కవరు పట్టుకొచ్చి నలుగురిలో ఏమని చెప్పను?"

ఎవరూ నవ్వలేదు ఈసారి.

"మూడో దుకాణంలో గుట్టలు గుట్టలు సామాను. శాంపిల్ బల్ల మీద పెట్టాను. చుట్టూ జనం చేరారు, మాటల్లో పడ్డాను. పక్కన టీ తాగుదామన్నారు, వెళ్ళాను. తిరిగొచ్చేసరికి బల్ల మీద పంపు లేదు. పైన అర మీద, కడిగి పెట్టిన సామాన్ల మధ్య, అచ్చం అలాంటిదే ఉంది. అది చూశాక నాకు పాతది గుర్తే రాలేదు. ప్రాణం లేచొచ్చింది మరదలా. నిజంగా సంతోషపడ్డాను. అది మాత్రం నిజం."

అది నిజమేనని ఆమెకి తెలిసింది. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

"బజారు ఎన్నింటికి మూస్తారు?"

"అయిదింటికి."

గడియారంలో నాలుగు ఇరవై. మేస్త్రి అప్పటికే తన స్కూటరు తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. "పెద్దమ్మా, ఆ కాగితం మళ్ళీ పైకి తియ్యి!" అని టీచరమ్మ స్కూటరు తన్నింది. "ఎక్కు బావా. దారి చూపించు. దారి మాత్రమే."

ఆ ప్రయాణం గురించి గుణకారం తర్వాత ఎన్ని రకాలుగా చెప్పినా, జరిగింది ఇది. బస్సు నలభై నిమిషాలు పట్టే దూరాన్ని ఆమె పాతికలో పూర్తిచేసింది. ఎర్ర సిగ్నలు ఒక్కటీ దాటలేదు, ఒక్కరినీ తిట్టలేదు. వెనక మనిషి "కుడికి", "ఎడమకి" తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. దారి పొడుగునా ఆమె మనసులో ఒకటే భయం, ఆ రెండో దుకాణం కూడా కల్తీ అయితే?

కల్తీ కాదు. సందు నిజంగా ఉంది, నూనె మరకల నేల, రెండు వైపులా గోడలకి వేలాడే సైలెన్సరు గొట్టాలు. దుకాణం కూడా ఉంది. కానీ ఇంకా అయిదు కాకుండానే షట్టరు దించేసి ఉంది. కళ్ళజోడు పెద్దాయన వంగి తాళం వేసి లేస్తున్నాడు.

"అయ్యా, ఒక్క నిమిషం! పొద్దున చూపించారట, పంపు కిట్టు..."

"రేపు పదకొండుకి రండమ్మా."

"తొమ్మిదికి పరీక్ష ఉందండీ."

"అన్నీ సర్దేశాను. ఆ డబ్బా అన్నిటికంటే అడుగున ఉంది. నా నడుము సంగతి మీకు తెలీదు," అని తాళంచెవి జేబులో వేసుకోబోయి, ఆమె వెనక నిలబడ్డ మనిషిని చూసి ఆగాడు. "మీరా! పొద్దున వచ్చారు కదూ?" కళ్ళజోడు సరిచేసుకుని మళ్ళీ ఆమెని చూశాడు. "అయితే ఆ మరదలు ఈవిడేనా?"

"ఏ మరదలు?" అంది టీచరమ్మ.

"కిట్టు తీసుకోలేదు గానీ, అరగంట నిలబడి మీ గురించే చెప్పాడమ్మా. నాలుగొందల మంది ఆడవాళ్ళకి కారు నేర్పిందట, ఇల్లు దాటనివాళ్ళని కూడా రోడ్డెక్కించిందట. ఆవిడ బండి ఆగిపోతే సగం ఊరు ఆగిపోయినట్టేనన్నాడు. మా కోడలు అప్పుడు ఇక్కడే ఉంది, నేనూ నేర్చుకుంటానని పొద్దుటి నుంచి నా ప్రాణం తీస్తోంది. నేను కోతలనుకున్నాను." ఆయన చెయ్యి జేబు అంచు మీదే ఉంది. "నిజమేనా అమ్మా, నాలుగొందల మందా?"

టీచరమ్మ వెనక్కి తిరిగి చూసింది. గుణకారం తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. అక్క పెళ్ళయిన నాటి నుంచి ఈ మనిషి ఆమె ముందు ఎన్నో అంకెలు విసిరాడు, ఆమె వాటిని కోసి కోసి పోగులు పెట్టింది. తన గురించి తన వెనక ఏం విసురుతాడో ఎప్పుడూ వినలేదు. ఆమె నేర్పగా లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళు ముప్ఫై ఎనిమిది మంది. అంకె ఆమెకి ఖాయంగా తెలుసు, ఒక్కొక్కరి మొహంతో సహా.

"నాలుగొందలు కాదండీ," అంది.

గుణకారం కళ్ళు మూసుకున్నాడు. పెద్దాయన తాళంచెవి జేబులోకి జారవిడిచాడు.

"నాలుగొందల పన్నెండు. రేపు తొమ్మిదింటికి పదమూడు అవ్వాలి. ఆవిడకి అరవై ఒక్కేళ్ళు. ఆ తర్వాత నంబరు మీ కోడలిదే."

పెద్దాయన ఆమెని ఎగాదిగా చూశాడు. తర్వాత నిట్టూర్చి, ఒక చెయ్యి నడుము మీద వేసుకుని, ఇంకో చేత్తో తాళంచెవి తీసి వంగాడు. షట్టరు గడగడమంటూ పైకి లేచింది.

గుణకారం మొహం నిండా వెలుతురొచ్చింది. ఒక అడుగు ముందుకు వేసి, గొంతు సవరించుకుని, "అసలు ఆ నాలుగొందల పన్నెండు మందిలో ఒకావిడ ఉందండీ, ఆవిడ కారుని..." అన్నాడో లేదో, గోడ మీదికి పోతున్న కొత్త డ్రైవరుని ఆపడానికి పక్క సీట్లోంచి బ్రేకు తొక్కినట్టు, టీచరమ్మ అటు చూడకుండానే అతని కాలు తొక్కింది.